న్యాయం వాడిది, నొప్పి నాది

మొన్న ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక సహోద్యోగి తన ఫోను తిప్పి అందరికీ చూపించాడు. అమెరికాలో ఎవరో బేస్‌బాల్ ఆటగాడు కొత్త టీముతో ఒప్పందం చేసుకున్నాడట. ఆ అంకెలో ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెట్టబోయి మా బల్ల దగ్గర ముగ్గురం మూడు రకాలుగా తప్పాం. అందరం బ్యాంకు వాళ్ళమే. "బంతిని కర్రతో కొట్టడానికా ఇంత?" అన్నారు ఒకరు. "ఇక వాడికి ఒళ్ళు వంచి ఆడాల్సిన పనేముంది?" అన్నారు ఇంకొకరు. నేను చెంచా కింద పెట్టి, ఆయన ఉంటే ఏమనేవారో అదే అన్నాను.

"మరి తౌకేకి ఎంత మిగిలిందో రాయలేదా అందులో?"

తౌకే అంటే ఇక్కడ, సింగపూర్ వాడుకలో, యజమాని. నా మాటకి ఎవరూ నవ్వలేదు. ఆయన అంటే నవ్వేవారు. అదే మాట ఆయన నోట్లో వేరే. ఆయన పోయి నాలుగు నెలలు కావస్తోంది.

సెంబవాంగ్‌లో మేముండే బ్లాకు కింద ఒక కాఫీ షాపు ఉంది. అయిదేళ్ళ కింద మేము ఆ ఫ్లాటులోకి మారిన కొత్తలో, ఒక ఆదివారం ఉదయం పరోటాలు కట్టించుకుందామని కిందికి దిగాను. వరసలో నిలబడి ఉంటే వెనక నుంచి వినబడింది: "ఒదిలెయ్ రా నాయనా! దాన్ని ముట్టుకోకు, ఒదిలెయ్!"

నేను ఇంటి బయట తెలుగు విని మూడు నెలలైంది. వెనక్కి తిరిగాను. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, సన్నగా, మెడ నరాలు కనిపిస్తూ, తల మీద వెలిసిపోయిన నీలం టోపీ. ఎదురుగా టిష్యూ డబ్బాకి ఆనించిన ఫోను. అందులో కర్ర పట్టుకున్న ఒక ఆటగాడు వచ్చిన బంతిని కదలకుండా వదిలేశాడు. పెద్దాయన బల్ల మీద అరచేత్తో ఒక్కటి కొట్టి, పక్కనున్న పిల్లల నోటు పుస్తకంలో పెన్సిలుతో ఏదో గీత గీసుకున్నారు.

"మీ మాట విన్నాడే," అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "ఊరమ్మాయివా?"

ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకి ఇండియా నుంచి వచ్చినవాళ్ళందరం 'ఊరు' వాళ్ళమే. అది తెనాలైనా, వరంగలైనా ఒకటే ఊరు. అవునన్నాను.

"అయితే కూకో. ఇంకా మూడు ఔట్లున్నాయి."

పరోటాలు చల్లారిపోయాయి. ఆ రోజు నుంచి, ఆట ఉన్న ప్రతి ఆదివారం, ఆయన బల్ల దగ్గర నా కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్టు ఉండేది. ఈ దేశంలో సీటు పట్టుకోవడం అంటే అంతే, ప్యాకెట్టు పెడితే ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను రాని వారాల్లో కూడా పెట్టేవారని కాఫీ పోసే ఆవిడ తర్వాత చెప్పింది. ఆవిడ ఆయన్ని 'బేస్‌బాల్ అంకుల్' అనేది. ఇంకో పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఆయన తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయన తెలుగులో ఆ ఓడెక్కిన నాటి మాటలు కొన్ని అలాగే ఉండిపోయాయి. మిగిలిన ఖాళీల్లో తమిళం, మలయ్, ఇంగ్లీషు వచ్చి చేరాయి. పనేమిటంటే వెల్డింగు. ఓడల మరమ్మతు పనులు తీసుకునే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర ఎన్నో ఏళ్ళు చేశారు. వేళ్ళ కొనలు ఎంత మొద్దుబారిపోయాయంటే, నేను రుమాలు చుట్టి పట్టుకునే కాఫీ గ్లాసుని ఆయన ఉత్త చేత్తో పట్టుకుని మాట్లాడుతూ ఉండిపోయేవారు.

ఈ ఆట ఆయనకి ఓడల వల్లే అంటింది. కుర్రతనంలో, మరమ్మతుకి వచ్చిన అమెరికా ఓడల నావికులు ఆదివారాలు మైదానంలో ఆడుకునేవారట. ఒక రోజు మనిషి తక్కువై, గోడ పక్కన నిలబడి చూస్తున్న ఈయన్ని పిలిచి దూరంగా నిలబెట్టారు. ఆటంతా అయ్యేదాకా ఒక్కటంటే ఒక్క బంతి ఆయన వైపు వచ్చింది. పట్టుకున్నారు. "వెల్డింగు రవ్వ పడ్డా అంత మండలేదమ్మా సెయ్యి," అనేవారు. ఆ సాయంత్రం ఒక నావికుడు తన ఊరి టీము టోపీ తీసి ఈయన తలకి పెట్టాడు. ఎప్పుడూ చూడని ఆ ఊరే ఆ రోజు నుంచి ఆయన ఊరు, ఆ టీమే ఆయన టీము. ఎన్నో ఏళ్ళపాటు పేపర్లో ఒక మూల, రెండు రోజులు ఆలస్యంగా వచ్చే ఒక్క వరస స్కోరే ఆయనకి ఆట. ఫోన్లు వచ్చాక బొమ్మ వచ్చింది. అక్కడి సాయంత్రం ఏడు, ఇక్కడ ఉదయం ఏడు. "దేవుడు నా కోసమే భూమిని గుండ్రంగా సేశాడు," అనేవారు.

బంతి విసిరేవాడు చెయ్యి ఎత్తగానే ఈయన కాఫీ గ్లాసు మీద అరచెయ్యి మూసేవారు. విసిరాక తీసేవారు. ఎందుకని అడిగితే, "అప్పుడు తాగితే గొంతుకడ్డం పడతాది," అన్నారు. బంతిని కొట్టడం కన్నా వదిలెయ్యడాన్నే ఎక్కువ మెచ్చుకునేవారు.

"పదిసార్లు కర్ర పట్టుకుని నిలబడి, ఏడుసార్లు ఔటయినోడు ఈ ఆటలో మొనగాడు, తెలుసా?" అన్నారు ఒకసారి.

"మా బ్యాంకులో పదిలో ఏడు తప్పులు చేస్తే గేటు బయటే అంకుల్."

"అందుకే మీ బ్యాంకుని ఎవరూ పొద్దున్నే లేచి సూడరు."

బ్యాంకులో నా పని ఎవరికి ఎంత జీతం ఉండాలో తేల్చే విభాగంలో. అది తెలిసినప్పటి నుంచి నన్ను 'గాజి అమ్మాయ్' అనడం మొదలుపెట్టారు. గాజి అంటే మలయ్‌లో జీతం. "నీ గాజి ఎవరు రాస్తారమ్మా?" అని అడిగారు ఒకరోజు. పైవాళ్ళని చెప్పాను. "ఆళ్ళ గాజి?" ఇంకా పైవాళ్ళు. "మరి అందరికన్నా పైనున్నోడిది?" వాళ్ళది వాళ్ళే రాసుకుంటారనకుండా కాఫీ గ్లాసు ఎత్తాను.

నిజానికి ఆటగాళ్ళ డబ్బు విషయంలో ఆయన నాకొక చురక పెట్టారు. మా ఇంట్లో క్రికెట్ పిచ్చి మావారిది. ఆటగాళ్ళని వేలంలో కొనడం మొదలయ్యాక మా ఇంట్లో క్రికెట్ భాషే మారిపోయింది. ఎవడైనా క్యాచ్ వదిలేస్తే మావారు "క్యాచ్ పోయింది" అనరు. "పద్నాలుగు కోట్లు పెట్టి కొన్నారు, పట్టుకోలేడా" అంటారు. నేనూ అలాగే మాట్లాడేదాన్ని. ఆ అలవాటుకొద్దీ ఒకసారి ఆయన ముందు ఫోన్లోని ఆటగాణ్ణి అలాగే అన్నాను.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "బంతి జారితే బంతి జారిందను తల్లీ. డబ్బు జారిందనకు. ఒకసారి అలగ సూడ్డం మొదలెడితే ఇంక బంతి కనబడదు."

నేను ఆ మాట పడ్డాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఆ మాట చెప్పిన మనిషికే బంతి కనబడకుండా పోయింది.

ఆయన టీములో ఒక ఆటగాడుండేవాడు. మైదానం రెండో మూలకీ మూడో మూలకీ మధ్య నిలబడేవాడు. పందొమ్మిదేళ్ళప్పుడు టీములోకి వచ్చాడు. మొదటి రోజు వాడి మోకాళ్ళు వణకడం కూడా తాను చూశానని ఈయన ప్రమాణం చేసేవారు. పేరుతో అనేవారు కాదు, 'మావోడు' అనేవారు. మావోడికి జలుబు చేసింది, మావోడు గడ్డం పెంచాడు, మావోడికి పాప పుట్టింది. ఏడేళ్ళు అలా సాగాయి. ఒక డిసెంబరులో మావోడు ఇంకో ఊరి టీముకి వెళ్ళిపోయాడు. అక్కడివాళ్ళు ఇస్తామన్న మొత్తంలో సగం కూడా పాత టీము యజమాని ఇస్తానన్లేదట. ఆ ఊరి జనం వాడి పేరున్న చొక్కాలు వీధుల్లో తగలబెడుతున్న వీడియోలు వచ్చాయి.

కాఫీ షాపులో ఈయనకొక స్నేహితుడు ఉండేవాడు, టాక్సీ నడిపి మానేసిన చైనీస్ పెద్దాయన. ఆ ఆదివారం ఆయన దూరం నుంచే కేకేశాడు. "యువర్ బాయ్ రన్ ఫర్ మనీ లా!"

"యూ డ్రైవ్ టాక్సీ ఫ్రీ, ఆ?" అన్నారు ఈయన తల తిప్పకుండా.

తర్వాత నాకేసి తిరిగి మెల్లగా చెప్పారు. "ఆడు ఎల్లింది రైటమ్మా. తౌకే టిక్కెట్టు రేటు పెంచినప్పుడు ఎవడూ సొక్కా తగలబెట్టలేదు. టీవీ డబ్బు తీసుకున్నప్పుడు తగలబెట్టలేదు. పనోడు తన పనికి రేటు అడిగితే మాత్రం నమ్మకద్రోహం. నమ్మకం అన్నది కిందోడికే ఉండాలా?"

అప్పుడే తన కథ మళ్ళీ చెప్పారు. ముప్పై ఏళ్ళ వయసులో, జురాంగ్ వైపు వేరే కంపెనీ వాళ్ళు ఆయన్ని పిలిచారట, దాదాపు రెట్టింపు జీతానికి. ఫోర్‌మన్ మొహం చూసి, నమ్మకంగా ఇక్కడే ఉండిపోయారు. పదేళ్ళు తిరిగేసరికి పనులు తగ్గాయని ఒక కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. "నా నమ్మకం ఏ జేబులోకి పోయిందో నాకిప్పటికీ తెలీదు. అందుకే సెప్తన్నాను, మావోడు రైటు." ఆ కథ ఆయన అంతకుముందు కూడా ఒకసారి చెప్పారు. ఈసారి ఇంకా వివరంగా, ఫోర్‌మన్ ఏమన్నాడో కూడా కలిపి చెప్పారు.

ఏప్రిల్‌లో ఆటలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన బల్ల ఖాళీగా ఉంది. రెండో ఆదివారం, మూడో ఆదివారం కూడా. నాలుగో వారం లిఫ్టు దగ్గర కనిపించారు, చేతిలో కూరల సంచీతో.

"ఆటలు మొదలయ్యాయి కదంకుల్?"

"కళ్ళు బాగాలేవమ్మా."

లిఫ్టు వచ్చింది. ఇద్దరం ఎక్కాం. ఆయన అంతస్తు వచ్చి తలుపు తెరుచుకున్నాక, ఒక కాలు బయట పెట్టి ఆగారు. "కళ్ళు బాగానే ఉన్నాయి. న్యాయం ఆడిదే. ఆ మాట మీద నాను నిలబడతాను. నొప్పి మాత్రం నాదైపోయింది. ఏటి సెయ్యను?"

తలుపు మూసుకోబోతుంటే సంచీ అడ్డం పెట్టి, మళ్ళీ తీసేసి వెళ్ళిపోయారు.

బెడోక్‌లో ఉండే వాళ్ళ అమ్మాయి తండ్రి డెబ్బయ్యో పుట్టినరోజుకని ఆ జూన్‌లో ఆయన్ని అమెరికా తీసుకెళ్ళింది. యాభై ఏళ్ళుగా తనదనుకున్న ఆ ఊరిని ఆయన చూడటం అదే మొదలు. అమ్మాయి తెలియక చేసిందో, తెలిసే చేసిందో, టిక్కెట్లు కొన్న రోజునే కొత్త టీముతో మావోడు ఆ మైదానానికి ఆడటానికి వస్తున్నాడు.

తిరిగొచ్చాక వారం రోజులు ఆయన కనబడలేదు. తర్వాత ఒక బుధవారం, నేను ఇంటి నుంచి పనిచేసే రోజు, పదింటికి కాఫీ కోసం దిగితే పాత బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. ఫోను లేదు, నోటు పుస్తకం లేదు. టోపీ కూడా లేదు. ఆ తలని నేను మొదటిసారి చూశాను. తెల్లగా, చిన్నగా ఉంది.

"ఎలా ఉంది అంకుల్ మీ ఊరు?"

"చానా ఎత్తు మీద కూకున్నామమ్మా. ఆ టిక్కెట్టుకే నాకు మూడు నెలల మకాన్, తిండి డబ్బు, ఎల్లిపోద్ది. కింద మైదానం పక్కన మెత్తటి కుర్చీలు సగం ఖాళీ. అవి కొన్నోళ్ళు అద్దాల గదుల్లో కూకుని తింటన్నారంట. మా పైన మాత్రం నిండిపోయింది. నా పక్కనొక మనిషి, బస్సు రిపేరు సేస్తాడంట. ఏడాదికి ఒక్కసారే వస్తాడు, అంతకన్నా కొనలేడు. మంచోడు. నాకు పల్లీలు పెట్టాడు."

గ్లాసు చేతిలో ఒకసారి తిప్పారు.

"మావోడు కర్ర పట్టుకుని వచ్చాడమ్మా. మొత్తం జనం లేచి నిలబడి అరిచారు. ఛీ అని, థూ అని. కొందరు దొంగ నోట్లు అచ్చేయించుకొచ్చి గాల్లోకి ఇసిరారు. పల్లీలు పెట్టిన మంచోడు మెడ నరాలు తెగేలాగ అరుస్తన్నాడు. నా పక్కన మా అమ్మాయి నా సెయ్యి లాగతంది, 'అప్పా, వై యూ షౌటింగ్? అప్పా!' అని. అప్పుడు తెలిసింది నాకు." ఆయన నావైపు చూడలేదు. "నానూ నిలబడే ఉన్నాను. నానూ అరుస్తన్నాను. తెలుగులో."

"ఏమని అంకుల్?"

"అమ్ముడుపోయినోడా అని."

అంతమందిలో ఒక గొంతు, అతనికి వినబడి కూడా ఉండదు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వాడికి వినబడిందా లేదా అన్నది కాదట సంగతి.

రెండు రోజుల తర్వాత నా ఫ్లాటు తలుపు కొట్టారు. ఆయనకి ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు, రాయడం తడబాటు. ఒక ఉత్తరం రాసిపెట్టమన్నారు, మావోడికి.

"డియర్ సర్ అని పెట్టమ్మా."

"అతను మీ మనవడి వయసు వాడు అంకుల్, సర్ ఏంటి?"

"పనోణ్ణి సర్ అనకూడదా?"

పెట్టాను. ముందు ఆయన చాలా చెప్పారు. ఏడేళ్ళ ఆటలన్నీ, పాప పుట్టిన రోజు కొట్టిన దెబ్బ, మోకాళ్ళు వణకడం. నేను టైపు చేసి చదివి వినిపించాను. విని, అదంతా తీసెయ్యమన్నారు. "ఇదంతా ఆణ్ణి పొగడ్డానికి. నాను రాస్తన్నది అందుక్కాదు." చివరికి నాలుగు వాక్యాలే మిగిలాయి. ఆ రోజు నేను పై వరసలో ఉన్నాను. అందరితో పాటు అరిచాను. మీరు మీ పని విలువ అడిగి తీసుకున్నారు, అందులో తప్పు లేదు. నన్ను మన్నించండి. కింద 'వెల్డర్, సింగపూర్' అని పెట్టించి సంతకం చేశారు. స్టాంపు అంటించి తనే పోస్టు చేశారు. జవాబు రాలేదు. వస్తుందని ఆయన ఎదురుచూడనూ లేదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. జులైలో ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేశారు. జురాంగ్ ఈస్ట్ వెళ్ళాలి, తోడు రమ్మన్నారు.

"దారి తెలీదా అంకుల్?"

"దారి తెలుసు. ఒక్కణ్ణే ఎల్తే మద్దిలో దిగిపోతాను."

రైలెక్కాం. తెల్ల చొక్కా టక్ చేసుకున్నారు, బూట్లు వేసుకున్నారు. క్రాంజీ స్టేషన్ దాటాక చెప్పడం మొదలుపెట్టారు. ఆయనతో ఒకే రోజు పనిలో చేరిన స్నేహితుడు ఒకడుండేవాడు, రెండేళ్ళు చిన్న. ఒకే గిన్నెలో తిన్నారు, ఒకే గొడుగులో నడిచారు. ఈయనకి ముప్పై ఏళ్ళప్పుడు ఆ స్నేహితుడు ఎక్కువ జీతానికి జురాంగ్ కంపెనీకి వెళ్ళిపోయాడు. చివరి రోజు సామాను తీసుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర తోటివాళ్ళందరూ గుంపుగా నిలబడి అరిచారు. ఈయనా అరిచారు.

"అదే మాటమ్మా. అమెరికాలో నా నోట్లోంచి వచ్చిందే, అదే మాట. అప్పుడన్నదే నోట్లో ఉండిపోయినట్టుంది."

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. నలభై ఏళ్ళు. సెంబవాంగ్ నుంచి జురాంగ్ ఈస్ట్‌కి ఒకటే రైలు, మధ్యలో మారే పని కూడా లేదు.

బుకిత్ బతోక్ స్టేషన్‌లో ఆయన లేచి నిలబడ్డారు. ఇంకొక స్టేషనే ఉంది. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నాను. తలుపులు మూసుకున్నాయి. మళ్ళీ కూర్చున్నారు.

స్నేహితుడి బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీ జాగాలో రాతి బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన నడవడానికి పట్టుకునే నాలుగు కాళ్ళ ఇనప చట్రం. ముందురోజు ఎవరి ద్వారానో కబురు పంపారట. దగ్గరికి వెళ్ళాక ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"ముసిలోడివైపోయావురా," అన్నాడు ఆ స్నేహితుడు.

"నువ్వేటి, కుర్రోడిగానే ఉన్నావా?"

కూర్చున్నారు. నేను కొంచెం ఎడంగా కూర్చున్నాను. ఈయన బల్ల మీద రెండు చేతులూ పెట్టి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశారు. "ఆ రోజు గేటు కాడ నిన్ను తిట్టాను. అది తప్పని సెప్పడానికొచ్చాను."

స్నేహితుడు కళ్ళు చికిలించాడు. "నువ్వు తిట్టావా? నాకినబళ్ళేదురా. అంతమంది అరుస్తంటే ఏ గొంతు ఎవడిదో ఎవడికి తెలుసు. మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు. అది తెలుసు నాకు. ఆ రోజు గుమ్మం కేసి సూస్తానే ఉన్నాను."

ఈయన తల వంచుకున్నారు. వాళ్ళమ్మ ఈయనకీ అన్నం పెట్టిన మనిషట. పైన ఎవరో బట్టలు ఆరేసిన కర్రలు కిటికీలోంచి లోపలికి లాక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. తలెత్తకుండానే ఈయన అడిగారు.

"ఎందుకెల్లావురా అప్పుడు?"

ఏదో కారణం ఉంటుందని నేను ఎదురుచూశాను. ఇంట్లో జబ్బో, ఎవరి చదువో. ఆయనా అదే ఎదురుచూశారనుకుంటాను.

"ఎందుకేటి? ఎక్కువిస్తామన్నారు, ఎల్లాను. ఇంట్లో ఆపదొచ్చిందని సెప్తే నీకు బాగుంటాదేమో. అలాటిదేటీ లేదు. నాను పని బాగా సేసేవోణ్ణి. ఆళ్ళకి తెలిసింది. పిలిచారు."

"నాకన్నా బాగా సేసేవోడివి," అన్నారు ఈయన.

స్నేహితుడు చట్రం మీద చెయ్యి వేశాడు.

"నిన్ను పిలిచారు. నన్ను పిలవలేదు."

ఆ మాట అంటూ ఆయన స్నేహితుణ్ణి చూడలేదు, నన్ను చూశారు. "ఇన్నావుగా తల్లీ. నన్నెవరూ పిలవలేదు. పిలిస్తే నమ్మకం కోసం ఆగిపోయానని నీకు సెప్పాను, మా అమ్మాయికి సెప్పాను, అందరికీ సెప్పాను. ఆగిపోయింది మాత్రం నిజం."

నేను కళ్ళు దించుకున్నాను. పదిహేనేళ్ళుగా నా గదిలోకి ఎంతమంది కోపంగా వచ్చారో గుర్తొచ్చింది. వాడికెందుకంత ఇచ్చారని అడుగుతారు. పట్టికలు తీసి చూపిస్తాను, మార్కెట్టు ధర అంటాను, అనుభవం అంటాను. ఒక్కరూ ఆ జవాబు తీసుకుని వెళ్ళలేదు. వాళ్ళు అడిగింది వాడి జీతం గురించి కాదు కాబట్టి. నన్నెందుకు పిలవలేదు అన్న ప్రశ్నకి నా దగ్గర పట్టిక లేదు.

"ఓడ అడుగున, మెడ తిరగని సోట పడుకుని సేసే పని నీదే బాగుండేదిలే," అన్నాడు స్నేహితుడు.

"అబద్ధం."

"అబద్ధమే," అని స్నేహితుడు నవ్వాడు. ఈయనా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఎదురు బ్లాకు కింద సాపాడు బాగుంటుందని స్నేహితుడు చట్రం పట్టుకుని లేచాడు. ముగ్గురం అక్కడికి చేరడానికి పావుగంట పట్టింది. ఈయన ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ఆ తర్వాత నా ఆదివారాలు పోయాయి. ఏడు కాకముందే ఆయన టోపీ పెట్టుకుని, ఫోను జేబులో వేసుకుని స్టేషన్ వైపు వెళుతూ మా కిటికీలోంచి కనిపించేవారు. ఎప్పుడైనా లిఫ్టులో ఎదురైతే, "ఇప్పుడు రెండు టీములూ సూస్తన్నాను. మావోడి టీము కూడా. ఆడు ఔటైతే ఆ జనం 'ఇంత తీసుకుని ఔటా' అంటన్నారు, పావం," అనేవారు. కొంచెం ఈర్ష్యగా ఉండేది నాకు. నిజం చెప్పాలంటే కొంచెం కాదు.

ఏడాది పైన అలా గడిచింది. సెప్టెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. మరునాడు మండాయ్ శ్మశానవాటికలో ఆయన్ని సాగనంపాం. కాఫీ పోసే ఆవిడ దుకాణం మూసుకుని వచ్చింది. టాక్సీ పెద్దాయన వచ్చాడు. జురాంగ్ ఈస్ట్ స్నేహితుడు అందరికన్నా ముందే వచ్చి, చట్రం పట్టుకుని గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎంతమంది చెప్పినా కూర్చోలేదు.

అంతా అయ్యాక ఆ స్నేహితుణ్ణి టాక్సీ ఎక్కించే పని నేను తీసుకున్నాను. ఎండగా ఉంది. టాక్సీ రావడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది.

"ఆదివారాలు మీ దగ్గరికే వచ్చేవారు," అన్నాను.

"వచ్చేవోడు. మొత్తం సెప్పేవోడు. ఎవడు ఎక్కడ నిలబడాల, ఏ బంతి కొట్టాల, ఏది ఒదిలెయ్యాల. నోరు మూసేవోడు కాదు."

"మీక్కూడా బాగా నచ్చిందా ఆట?"

ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు. "నాకేటి తెలుసమ్మా ఆ ఆట? ఏడాది పైన సూశాను. ఆ గీతలెంట ఆళ్ళెందుకు పరిగెడతారో నాకిప్పటికీ తెలీదు. ఆడు సెప్తంటే ఇనేవోణ్ణి."

టాక్సీ వచ్చింది. చట్రం మడిచి వెనక పెట్టాం. ఆయన కూర్చుని, తలుపు మూయబోతున్న నా చెయ్యి ఆపాడు.

"ఎల్లుండి ఆదివారం ఆటుందా?"

"ఉందండి. ఏడింటికి."

"ఫోన్లో ఎలగ పెట్టాలో మా మనవరాలికి ఒకసారి సెప్పు."